సారు ఎడమ కన్ను

మా బాటనీ సారు పోయారని నాకు ఫోనులో తెలిసింది. ఆ ఉదయం ఆళ్లగడ్డలో మా పని షెడ్డులో, శ్రీశైలం వైపు పోవాల్సిన నంది వీపు నునుపు చేస్తున్నాను. చెవుల నిండా గ్రైండరు మోత, మీసాల నిండా రాతి పొడి. జేబులో ఫోను మోగుతుంటే పట్టించుకోలేదు. చివరికి విసుక్కుంటూ తీస్తే సారు కొడుకు. "అన్నా, నాయన పోయినాడు. తెల్లారి లేపితే లేయలే" అన్నాడు. గ్రైండరు ఆపేశాక కూడా నా చెవుల్లో మోత తగ్గలేదు.

నంద్యాల చేరేసరికి ఎండ ఎక్కింది. సారు వాళ్ల సందు మొదట్లోనే ఫ్లెక్సీ కట్టి ఉంది. మనిషి చల్లబడేలోగా ఫ్లెక్సీ లేవడం మన ఊళ్ల గొప్ప. అందులో ఎవరో పెద్దమనిషి ఉన్నాడు. తెల్ల చొక్కా, పచ్చటి ఒళ్లు, సమంగా తెరిచిన రెండు కళ్లు. సందు తప్పానేమోనని వెనక్కి తిరగబోయి, కింద పేరు చదివి ఆగాను. సారు ఇంటి వసారాలో అమ్మ కూర్చుని ఉంది. సారు భార్యను మేమంతా అమ్మ అనే పిలుస్తాం. ఆమె ఏడవడం లేదు. ఫ్లెక్సీ వైపే చూస్తోంది. నన్ను దగ్గరికి పిలిచి, "ఆ పటంలో ఉండేది ఎవురు నాయనా?" అని అడిగింది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

సారును ఎరిగినవాళ్లకు ఆ ప్రశ్న అర్థమవుతుంది. ఎరగనివాళ్ల కోసం చెబుతాను. సారుకు ఎడమ కన్ను సగమే తెరుచుకునేది. రుద్రవరం దగ్గర పల్లెలో మేకలు కాసే వయసులో తుమ్మముల్లు రెప్పలో దిగిందట. చూపు దక్కింది గాని రెప్ప లేవడం మానేసింది. కాలేజీలో లెక్చరరుగా చేరిన ఏడాదే పిల్లలు ఆయనకు మైక్రోస్కోపు సారు అని పేరు పెట్టారు. ఎప్పుడు చూసినా ఒక కన్ను మూసుకుని గొట్టంలోకి చూస్తున్నట్టే ఉండేవారు. ఆ పేరు ఆయనకూ తెలుసు. ఒకసారి వెనక బెంచీలో ఎవరో గొణిగితే, "నాకు దేవుడే ఇచ్చినాడప్పా గొట్టం. మీకు కాలేజీవోళ్లు ఇయ్యల్ల, అదీ నలుగురికి ఒకటి" అని పాఠం కొనసాగించారు.

అంత మాట అనగలిగిన మనిషి, ఫోటో అనేసరికి మాత్రం ముఖం పక్కకు తిప్పేవారు. పెళ్లి ఫోటోలో, రిటైరైన రోజు ఫోటోలో, మనవరాలి బాప్తిస్మం ఫోటోలో, అన్నిట్లో కుడి చెంపే. ఆధార్ కార్డులో నిండు ముఖం ఉంది గాని, దాంట్లో ఎవరైనా తమలా తాము ఉంటారా? అందుకే కొడుకు ఇచ్చిన పక్క ముఖం ఫోటోను ఫ్లెక్సీ అంగడిలో కంప్యూటరు మనవైపు తిప్పింది. లేని ఎడమ కన్నును కుడి కన్ను చూసి పుట్టించింది. మధ్యాహ్నానికి ఆ బొమ్మే అందరి ఫోన్లలో తిరిగింది. "ఎంత కళగా ఉన్నారో సారు" అని కింద రాశారు, ఆయన దగ్గర మూడేళ్లు చదువుకున్నవాళ్లు.

నేనూ చదువుకున్నాను. మాది శిల్పుల ఇల్లు. ఉలి ఎప్పుడైనా పట్టొచ్చు, ముందు నాలుగు అక్షరాలు రానీ అని నాయన నన్ను నంద్యాలకు పంపాడు. మొదటి ప్రాక్టికల్సులో సారు బల్ల మీద మందారప్పువ్వు పెట్టి గీయమన్నారు. మిగతావాళ్లు గీస్తూ చెరుపుతూ ఉంటే నేను చిటికెలో గీసి ఇచ్చాను. ఐదు రేకులు వెంట్రుకవాసి తేడా లేకుండా, మధ్య కాడ నిటారుగా. చూసుకుంటే నాకే ముద్దొచ్చింది. సారు కాగితాన్ని కుడి కంటికి దగ్గరగా పట్టుకున్నారు.

"శానా బాగుండాది. ఈ పువ్వు యాడుంది?"

బల్ల మీది పువ్వు చూపించాను.

"ఇది గాదులే. దీనికి ఒక రేకు పురుగు తినింది. ఇంగోటి మడత పడింది. కాడ పక్కకు వాలింది. నువ్వు గీసింది మీ తాత చెక్కిన పువ్వు. ఏ అమ్మవారి చేతిలో ఉండాదో చెప్పు, పోయి చూసొస్తా."

క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. కానీ పువ్వు వైపు మళ్లీ చూస్తే ఆయన చెప్పినట్టే ఉంది. నేను దాన్ని చూడనేలేదు. పెన్సిలు పట్టగానే చెయ్యి తనకు తెలిసిన దారిన పోయింది. మా ఇళ్లలో దేవతా విగ్రహానికి లోపం ఉంటే పూజకు పనికిరాదు. పురుగు తిన్న రేకు చెక్కమని మాకు ఎవరూ నేర్పలేదు, చెక్కితే ఊరుకోరు కూడా.

ఎగతాళి చేసి వదిలేసే రకం కాదు ఆయన. ఆ సాయంత్రం కాలేజీ బయట ఉగ్గాని బండి దగ్గర నన్ను ఆపారు. ఉగ్గాని తింటూ సారు చెప్పిన కథ నాకు ఇప్పటికీ కారం బొరుగుల రుచితోనే గుర్తుంది. నాలుగైదు వందల ఏళ్ల కిందట యూరప్‌లో మందు మొక్కల పుస్తకాలు ఉండేవట. ఒకరి బొమ్మ చూసి ఇంకొకరు, దాన్ని చూసి మరొకరు గీసుకుంటూ పోయేసరికి ఆకు ఆకులా లేకుండా పోయింది. పుస్తకం పట్టుకుని అడవికి పోతే మొక్క దొరికేది కాదు. అప్పుడు కొందరు చిత్రకారులు మొక్కనే వేళ్లతో పీకి తెచ్చి ముందు పెట్టుకున్నారు. వాడిన ఆకును వాడినట్టు, విరిగిన కాడను విరిగినట్టు గీశారు. ఆ గీతలను చెక్కదిమ్మల మీద చెక్కి అచ్చు వేశారు. అదే బొమ్మ ఏ ఊరికి పోయినా అదే బొమ్మ.

"ఈ ఊర్లో ఉండేటోడు, ఆ ఊర్లో ఉండేటోడు ఒకే బొమ్మ మీద వేలు పెట్టి, ఇది తప్పు, ఇది ఒప్పు అని కొట్లాడుకున్నారు. అంతకు ముందర ఎవురి బొమ్మ వానిది. ఇంగ కొట్లాట యాడిది?" అన్నారు. బజ్జీ కొరికి, లోపలి మిరపకాయ గదులు నాకు చూపించారు. ఆ అలవాటు ఆయనకు చివరిదాకా ఉంది. ఏదీ అడ్డంగా కోసి చూడకుండా మింగేవారు కాదు.

ఆ పుస్తకాల్లో ఒకదాని చివర, మొక్కను చూసి గీసినవాడు, ఆ గీతను దిమ్మ మీదికి ఎక్కించినవాడు, దిమ్మను చెక్కినవాడు, ముగ్గురి ముఖాలూ అచ్చు వేశారట. ఈ మాట చెప్పి సారు నా వైపు తిరిగారు. "చెక్కినోని మొగం గూడా. ఇనపడిందా?" అన్నారు. శిల్పి కొడుకునని తెలిస్తే ఇంటి గుమ్మానికి వినాయకుడు ఎంతకొస్తాడని అడిగినవాళ్లే గాని, ఆ మాటను గౌరవంగా పలికినవాళ్లు కాలేజీలో అంతవరకూ లేరు. ఆ రోజే ఆయన నాకు గురువు అయ్యారు.

కొన్నాళ్లకు బస్సెక్కి ఆళ్లగడ్డ వచ్చారు, మా షెడ్డు చూడాలని. నాయన అప్పుడు ఒక మండపానికి సింహాలు చెక్కుతున్నాడు. సారు వాటి చుట్టూ తిరిగి, "సింహాన్ని యాడ చూసినావప్పా?" అని అడిగారు.

"చూసేదేంది సారూ?" నాయనకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. "అహోబిలం పక్కన పుట్టినోళ్లం. మా నాయన చెక్కినాడు, నేను చెక్కతాండా."

"మీ నాయన చూసినాడా?"

"చూసినాడు. వాళ్ల నాయన చెక్కిన దాన్ని."

సారు తొడ చరుచుకుని నవ్వి, రాతి ముక్క మీద చతికిలబడి ఖడ్గమృగం కథ ఎత్తుకున్నారు. మన దేశం నుంచి ఓడలో యూరప్‌కు ఒక ఖడ్గమృగం పోయిందట. జర్మనీలో ఉన్న ఒక గొప్ప చిత్రకారుడు దాన్ని చూడకుండానే, ఎవరో గీసి పంపిన చిత్తు బొమ్మను, రాసిన నాలుగు మాటలను పట్టుకుని దాని బొమ్మ వేశాడు. ఒంటికి కవచం తొడిగాడు. వీపు మీద లేని చిన్న కొమ్ము ఇంకొకటి పెట్టాడు. అచ్చు ఎంత బాగుందంటే, రెండు వందల ఏళ్లకు పైగా పుస్తకాలవాళ్లందరూ దాన్నే చూసి గీసుకున్నారు. నాయన ఉలి పక్కన పెట్టి విన్నాడు.

"ఆ కొమ్ము ఉన్నేదాని వల్ల ఎవురికి నష్టం సారూ?"

సారు గడ్డం గోక్కున్నారు. "నష్టం ఆ జంతువుకేనప్పా. నిజందొచ్చి ఎదురుగా నిలబడినా, దీని కొమ్ము యాడ పోయిందని ఎతికింటారు" అన్నారు. ఫ్లెక్సీ కింద నిలబడిన రోజు నాకు ఈ మాటే గుర్తొచ్చింది.

ఆదివారం చర్చిలో ప్రసంగం సాగితే సారు బైబిలు సంచి మీద వేలితో ఆకుల ఈనెలు గీసేవారట. అమ్మ మోచేత్తో పొడిస్తే మానేవారట, కాసేపు. వాళ్లింట్లో భోజనానికి కూర్చుంటే బీరకాయ ముక్క మీద ఒక ఉపన్యాసం తప్పదు. "బేగా తిను నాయనా, మళ్ల ఆ ముక్కకు గూడా పరీక్ష పెడతాడు" అనేది అమ్మ. వాళ్ల మిద్దె మీద ఒక సాయంత్రం చంద్రుడు పైకొస్తుంటే సారు ఇంకో కథ చెప్పారు. దూరదర్శిని కొత్తగా వచ్చిన రోజుల్లో ఇంగ్లండులో ఒకాయన దాంతో చంద్రుణ్ని చూసి, ఒక వంకర గీత, కొన్ని మచ్చలు గీసి ఊరుకున్నాడట. కొన్ని నెలలకు ఇటలీలో ఇంకొకాయన చూశాడు. ఆయన వెలుగునీడలు గీయడం నేర్చినవాడు. ఆ మచ్చలు నీడలని, నీడలున్నాయంటే కొండలున్నాయని ఆయనకు తట్టింది.

"మొదటాయన కండ్లు గూడా మంచివే. చెయ్యి నేర్చుకోలే, అంతే" అన్నారు సారు.

ఆ సాయంత్రమే నేను ఎన్నాళ్లుగానో ఉన్న సందేహం అడిగాను. వాడిన ఆకులు గీసినవాళ్ల తర్వాత ఇంకొకాయన వచ్చి, వాడిన ఆకు ఆ ఒక్క మొక్క సంగతి, మనకు కావాల్సింది జాతి అన్నాడట. పూత, కాయ ఒకే కొమ్మ మీద వేయించాడట. అలాంటి కొమ్మ ఎక్కడా ఉండదు గాని, ఆ బొమ్మతో ఏ కాలంలోనైనా ఆ మొక్కను గుర్తుపట్టవచ్చు. మరి ఇద్దరిలో ఎవరిది సరైన బొమ్మ?

"రెండూ కావల్లప్పా. ఏది చేస్తాండావో నీకు తెలిసుండల్ల."

అప్పుడు నోరు ఊరుకోక, "మీ ముఖం చెక్కుతా సారూ, ఒక పూట కూర్చుంటారా?" అన్నాను. కెమెరా ఏమీ లేదు. అయినా ఆయన మెడ దానంతటదే పక్కకు తిరిగింది. "మొక్కకు సిగ్గుండదు. నాకుండాది" అన్నారు. అమ్మ గిన్నెలు తీస్తూ ఆయన వైపు ఒకసారి చూసింది. నేను మళ్లీ ఎన్నడూ అడగలేదు.

మట్టి కార్యక్రమం అయిన కొద్దివారాలకు సారు కొడుకు షెడ్డుకు వచ్చాడు. నంద్యాలలోనే బ్యాంకులో పని చేస్తాడు, మంచివాడు, మాట నెమ్మది. నాన్న సమాధికి నాపరాయి పరిపించానని, తల వైపు నల్లరాయి మీద ముఖం చెక్కి ఇవ్వమని అడిగాడు. కవరులోంచి ఫ్లెక్సీలోని ఫోటో తీశాడు.

"ఇట్లనే చెయ్యన్నా. రెండు కండ్లూ."

నేను ఫోటోను వెలుతురుకు పట్టి చూశాను. అతనే మళ్లీ అన్నాడు. "బళ్లో నన్ను మైక్రోస్కోపు కొడుకనేటోళ్లు. నాకంటే నాయనకే ఎక్కువ నొప్పి. బతికినన్నాళ్లూ మొగం తిప్పుకున్న మనిషిని, ఇప్పుడు రాతిలో పట్టి అందరికీ చూపిచ్చేది ధర్మమేనా? పైన ఆయనకు రెండు కండ్లూ బాగయ్యే ఉంటాయి."

సిగ్గుండాది అన్న మాట నేనూ విన్నవాణ్నే. సరేనని రాయి ఎంచుకుని పని మొదలుపెట్టాను. నుదురు, ముక్కు, ఎండిపోయిన బుగ్గలు, కుడివైపు కాస్త పెద్దదైన చెవి. ఆ పని సులువుగానే సాగింది. మా ఇంట్లో కళ్లు ఆఖరున తెరుస్తాం. కన్ను తెరవనంతవరకు ఎంత గొప్ప విగ్రహమైనా రాయే, పక్కన కూర్చుని టీ తాగుతాం. కన్ను తెరిచాక ఎవరూ కాలు చాపరు. సారు రాయి అలా కళ్లు లేకుండా షెడ్డులో చాలా రోజులు ఉండిపోయింది. ఫోటోలోలాగా చెక్కబోతే చెయ్యి రాలేదు. సగం రెప్ప చెక్కుదామని బొగ్గుతో గీతలు పెడితే అది నిద్రమొహంలా వచ్చింది, లేదంటే కన్నుకొట్టినట్టు వచ్చింది. ఎన్నేళ్లు చూశాను ఆ రెప్పను! ఏ మూల ఎంత వాలిందో నాకు తెలియదు. నా చేతికి సమానంగా చెక్కడం ఒక్కటే వచ్చు. ఆయన దగ్గర అంత నేర్చుకుని కూడా ఆయన ముఖాన్ని నేను సరిగ్గా చూడలేదని తెలిసి ఆ రాయి ముందు కూర్చుని కుమిలిపోయాను.

చివరికి సారు కొడుక్కి ఫోను చేసి, ఏ కళ్లు పెట్టాలో అమ్మనే అడుగుదాం, తీసుకురా అన్నాను. అమ్మ వచ్చింది. రాయి ముందు స్టూలు వేశాను. చూసింది, చాలాసేపు. "చెవి బాగుండాది" అంది.

"కండ్లు ఎట్ల చెయ్యాలమ్మా?" అన్నాను. "సారుకు సిగ్గు గదా."

"లోకం ముందర సిగ్గు. నా ముందర యాడిది?" అంది. కొడుకు వైపు చూడకుండానే చెప్పింది. "ఆ కన్ను పగలు సగమే తెరుచుకుంటాది. పండుకున్నా సగమే మూతపడతాది. అది మీకెవురికీ తెలీదు. దుమ్ము పడి ఎర్రగయ్యేది. పెండ్లయినప్పటి నుంచి పండుకునే ముందర నేనే తడిగుడ్డతో తుడిచి చుక్కల మందు ఏస్తా. ఆయన పోయిన పొద్దు చుట్టాలు ఆ కన్ను మూయాలని శానా సేపు ఒత్తినారు. ఒత్తొద్దండని నేనే చెప్పినా. అది ఎట్లుంటాదో నాకు తెలుసు గదా. ఇప్పుడు పటంలో లేదు, ఫోన్లలో లేదు. రాతిలో గూడా లేకపోతే, నేను తుడిచిన మనిషి యాడున్నట్టు?"

కొడుకు ముఖం అటు తిప్పుకున్నాడు. అచ్చం తండ్రి తిప్పినట్టే. అటు తిరిగే, "అమ్మ చెప్పినట్టు చెయ్యన్నా" అన్నాడు.

కన్ను తెరిచే రోజు పొద్దున నేను నేరుగా ఉలి తీసుకుంటుంటే నాయన మంచం మీద నుంచే కసిరాడు. "నీళ్లు పోసుకున్యావా?"

"దేవుడు గాదు గదా నాయనా, సారు."

"ఎవురి కన్నయితే ఏంది? కన్ను తెరిచే దినం నీళ్లు పోసుకోకుండా ఉలి పట్టేది మన ఇంట్లో యాడుంది?"

తలస్నానం చేసి వచ్చాను. అమ్మ అప్పటికే స్టూలు మీద కూర్చుని ఉంది. కుడి కన్ను నేనే తెరిచాను. ఎడమ కన్ను దగ్గర ఆమె బొటనవేలు రాతి మీద పెట్టి కదిపింది. ఆ వేలు దారి వెంట నేను బొగ్గుతో గీశాను. "ఇంగ కొంచెం కిందికి. చెవి పక్క మూల కాదు, ముక్కు పక్క. ఆడ చిన్న మడత ఉంటాది." గీశాను, చెరిపాను, మళ్లీ గీశాను. ప్రాక్టికల్సులో మొదటిసారి కూర్చున్న పిల్లాడిలా ఉన్నాను. సూది ఉలితో ఆ మడత పూర్తయ్యాక అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. షెడ్డులో నేను నా ప్రమేయం లేకుండానే లేచి నిలబడ్డాను. సారు సగం రెప్ప కిందనుంచి నన్ను చూస్తున్నారు, ఈ పువ్వు యాడుంది అని అడగబోతున్నట్టు.

రాయిని నంద్యాల తీసుకుపోయి నిలబెట్టాం. చూసినవాళ్లలో కొందరికి నచ్చలేదు. శిల్పి చెయ్యి జారిందేమో అని ఒకాయన నా ఎదుటే అన్నాడు. నాకు కోపం రాలేదు, ఆయన చేతిలోని ఫోనులో ఇంకా ఆ రెండు కళ్ల బొమ్మే ఉంది. సారు ఉంటే దాని మీద వేలు పెట్టి కొట్లాడండి అనేవారు.

మొన్న సమాధుల పండుగకు వెళ్లాను. సున్నం కొట్టిన సమాధుల మీద బంతిపూలు, కొవ్వొత్తులు. కొడుకు, కోడలు, మనవరాలు పూలు పరుస్తున్నారు. అమ్మ కొవ్వొత్తి జోలికి పోలేదు. సీసాలోని నీళ్లతో కొంగు చివర తడుపుకుని రాయి ముందు వంగింది. ఎడమ కన్ను సందులో చేరిన దుమ్మును ముక్కు పక్క మూల నుంచి బయటికి, ఒత్తకుండా, నెమ్మదిగా తుడిచింది. కుడి కన్ను మీద కూడా దుమ్ము ఉంది. దాన్ని ఆమె ముట్టలేదు.